గుర్రం మీద తాబేలు

మా అమ్మ వీణకి దగ్గు పట్టుకుంది. ఆ మాట అమ్మదే. సారణి మీటితే చివర్లో సన్నటి బుస, మంద్రం మీటితే గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు గరగర. అమ్మకి ఎనభై దాటాయి గానీ చెవులు మాత్రం పదహారేళ్ళవే. "తీగలు కొత్తవి. మెట్లు కదల్లేదు. గుర్రం మీద రేకు అరిగిందే," అని తనే రోగం తేల్చేసింది.

నేను ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి ఫిజిక్సు చెప్పి రిటైరైనదాన్ని. తీగ పొడవు, బిగువు, మందం చెబితే అది ఏ స్వరం పలుకుతుందో బోర్డు మీద లెక్క కట్టి చూపించగలను. ఆ లెక్కలో గుర్రం ఊసు ఎక్కడా రాదు. పాఠంలో తీగకి రెండు చివరలు, రెండూ కదలని బిందువులు, అంతే. అందుకే అమ్మ మాట తేలిగ్గా తీసుకుని, ఊళ్ళో వాయిద్యాలు అమ్మే ఒక దుకాణంలో వీణ ఇచ్చొచ్చాను. మూడో రోజుకి రేకు అద్దంలా మెరుస్తూ తిరిగొచ్చింది. అమ్మ నాలుగు తీగలూ వరసగా ఒక్కసారి మీటి, వీణ పక్కన పెట్టేసింది.

"దగ్గు పోయింది. దాంతోపాటు గొంతూ పోయింది. నీ మనవడి గిటారులా టింగుమంటోంది."

ఆ పాపం కడుక్కోవడానికే వీణని పక్కన పడుకోబెట్టుకుని విశాఖలో బొబ్బిలి రైలెక్కాను.

బొబ్బిలి పక్కన గొల్లపల్లి. సర్వసిద్ధి ఇంటిపేరున్న కుటుంబాలు తరతరాలుగా వీణలు చేస్తున్న ఊరు. వాకిళ్ళలో పనస దుంగలు, పచ్చని పొట్టు, దాని వాసన. ఇక్కడి వీణ ఏకాండి: కుండ, దండి అన్నీ ఒకే దుంగలోంచి తొలుచుకొస్తారు. వచ్చినవాళ్ళు ఆ తొలవడాన్నీ, చివర యాళి ముఖాన్నీ, అంచుల్లో చెక్కడాల్నీ చూసి ఫోటోలు తీసుకుని వెళ్తారు. నేను వెళ్ళింది అరచేతిలో ఇమిడే చెక్కముక్క కోసం, దాని మీదున్న బెత్తెడు రేకు కోసం.

పెద్దాయన దాన్ని కళ్ళతో చూడనే లేదు. బొటనవేలి గోరుని రేకు మీద ఈ కొస నుంచి ఆ కొసకి ఒక్కసారి నడిపించాడు.

"ఎవులమ్మా దీన్ని గీకీసినోలు?"

ఏదో దుకాణం అన్నాను.

"తీగ అంచు మీద కూకుండిపోతంది సూడండి. ఈపు లేని గుర్రమ్మీద సవారీ ఏటవుద్ది?"

తీగల్ని మోసే ఆ చెక్కని మనం గుర్రం అంటాం. తమిళులకి కుదిరై, కన్నడిగులకి కుదురె, హిందుస్తానీవాళ్ళకి ఘుడచ్. అన్నీ గుర్రాలే. ఫ్రెంచివాళ్ళు వయొలిన్‌కి ఉన్నదాన్ని షెవలే అంటారు, అందులోనూ గుర్రమే ఉంది. పర్షియన్లు తమ తార్ వాద్యం మీదున్నదాన్ని ఖరక్ అంటారు, అంటే చిన్న గాడిద. ఇంగ్లీషువాళ్ళు మాత్రం వంతెన చేశారు. నాకు మనవాళ్ళ పేరే నచ్చుతుంది. వంతెన దాటేవాడికి వంతెన నడుం ఎలా ఉందో పట్టదు. గుర్రం ఎక్కినవాడికి పట్టి తీరుతుంది.

ఆ గుర్రం మీద ఒక తాబేలు కూడా ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పదమూడో శతాబ్దంలో దేవగిరి యాదవరాజు సింఘణుడి కొలువులో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరం రాశాడు. అందులో వాద్యాధ్యాయంలో ఏకతంత్రీ వీణ వర్ణన ఉంది. దండం చివర కకుభం, అంటే తీగని మోసే చెక్క. కకుభం మీద పత్రిక, అంటే లోహపు రేకు. ఆ రేకు తాబేటి వీపులా ఉబ్బెత్తుగా ఉండాలన్నాడు. అక్కడితో ఆగలేదు. తీగకీ రేకుకీ నడుమ పండిన వెదురు బెరడు చీలిక ఒకటి పెట్టాలన్నాడు. దాని పేరు జీవ.

ఒక్క నిమిషం ఆ పేరు దగ్గర ఆగుతాను. వీణలో జీవ అని పిలవదగ్గ చోట్లు ఎన్ని లేవు? గాలి నిండిన బుర్ర ఉంది, మోగే తీగ ఉంది, మీటే వేలు ఉంది. ప్రాణం అనే మాటని వాటిలో దేనికీ ఇవ్వకుండా, తీగా రేకూ తాకేచోట దూర్చే పుల్లముక్కకి ఇచ్చారు. ఇది కవిత్వం కోసం పెట్టిన పేరు కాదు, పనివాడి పేరు. ఆ పుల్ల తీసేస్తే ఏమవుతుందో చెవితో విన్నవాడు పెట్టిన పేరు.

శార్ఙ్గదేవుడి గురించి మరొక్క ముక్క. ఆయన పాటకుడిగా కొలువులో లేడు. ఉద్యోగం శ్రీకరణాధిపత్యం, అంటే రాజ్యం లెక్కలు చూడడం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఇంకో లెక్కల అధికారి రాబోతున్నాడు. ఇక ఆ గ్రంథానికి మన నేల మీద, రాచకొండ ఏలిన రేచర్ల సింగభూపాలుడి పేర సంగీతసుధాకరం అనే వ్యాఖ్య వెలువడింది. తాబేటి వీపు సంగతి ఆరు వందల ఏళ్ళ కిందటే తెలంగాణ కొండకోట దాకా వచ్చిందన్నమాట.

అంతకు చాలా ముందు మన వీణలన్నిటికీ గుర్రం లేదు. అమరావతి, నాగార్జునకొండ శిల్పాల్లో కనిపించే వీణల్లో విల్లులా వంగిన రకం ఉంది చూశారా, అందులో తీగలు వంపుకర్ర నుంచి సరాసరి పొట్టలోకి దిగిపోతాయి. వాటిని మోసే అవసరం ఎవరికీ లేదు. తీగని కర్ర పొడవునా పడుకోబెట్టే వీణలు వచ్చాకే దాని కింద ఏం పెట్టాలి, ఎలా పెట్టాలి అనే ప్రశ్న పుట్టింది.

తరవాతి చరిత్ర అంతా మెట్ల చరిత్రే. విజయనగర సామ్రాజ్యంలో అళియ రామరాయల కొలువులో ఉన్న రామామాత్యుడు 1550లో స్వరమేళకళానిధి రాసి, మెట్లు ఎక్కడెక్కడ ఉండాలో వాదించాడు. తంజావూరేలిన మన రఘునాథ నాయకుడి పేరు మీద ఏకంగా రఘునాథ మేళ వీణ అన్న మాటే ఉంది. ఇవాళ్టి వీణకి 24 మెట్లు, మైనంలో కూర్చినవి. మెట్ల మీద మంత్రులకీ రాజులకీ పేరొచ్చింది. గుర్రం రేకు వంపుని సరిచేసినవాడి పేరు మాత్రం ఏ తాళపత్రం మీదా ఎక్కలేదు. ఇది నాకు కాస్త కోపం తెప్పించే విషయం, ఎందుకంటే మెట్టు తప్పితే స్వరం తప్పుతుంది, రేకు తప్పితే అసలు అది వీణే కాకుండా పోతుంది. మా ఇంట్లో జరిగింది అదే కదా.

ఎందుకలా? వయొలిన్ గుర్రం పైఅంచు పలచన, తీగ దాన్ని ఒక గీత దగ్గర తాకి ఆగిపోతుంది. 1800 ప్రాంతంలో బాలుస్వామి దీక్షితులు ఆ వాద్యాన్ని మన సంగీతానికి తెచ్చుకున్నాడు. పట్టుకునే పద్ధతి మార్చుకున్నాం, శ్రుతి మార్చుకున్నాం, గుర్రాన్ని మాత్రం ముట్టుకోలేదు. ముట్టుకోనక్కర్లేదు కూడా. కమాను లాగుతున్నంతసేపూ తీగకి ఊపిరి అందుతూనే ఉంటుంది. అమ్మకి పాఠం చెప్పినాయన విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నవాడు. 1919లో పెట్టిన ఆ కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్, పక్కగదుల్లో వీణలు ఒకే కప్పు కింద మోగేవి. వయొలిన్‌కి కమాను ఉంది. వీణని ఒక్కసారి మీటి వదిలేస్తాం, ఆ తరవాత గమకం నడవాలంటే అదే నాదం సాగాలి. కమాను చేసే పనిలో సగం ఇక్కడ గుర్రం వీపు చేయాలి.

అది చేసే తీరు ఇది. మీటిన తీగ పైకీ కిందకీ ఊగుతుంది. కిందకి వచ్చిన ప్రతిసారీ రేకు వంపు మీద కాస్త ఒరిగి పడుకుంటుంది, పైకి పోయేటప్పుడు లేస్తుంది. అంటే తీగ రేకుని వదిలే చోటు సెకనుకి వందసార్లకు పైగా వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరుగుతూ ఉంటుంది. నేను బోర్డు మీద గీసిన కదలని బిందువు నిజానికి అక్కడ లేదు. ఒరిగిన ప్రతిసారీ ఆ తాకిడి తీగలోకి చిన్న చిన్న కుదుపులు పంపిస్తుంది. మూలస్వరంలో ఉన్న శక్తి కొంత తీసి, పైన పలికే అనుస్వరాలకి పంచుతుంది. మామూలు తీగలో అనుస్వరాలు మీటగానే పుట్టి బేగి చచ్చిపోతాయి. వీణలో అవి మీటిన తరవాత కూడా పుడుతూనే ఉంటాయి. పలుచటి మోత అడుగున సన్నగా తేనెటీగ తిరుగుతున్నట్టు ఉంటుంది చూశారా, అది అదే.

వంపు ఎక్కువైతే తీగ సరిగా ఒరగదు, నాదం పొట్టిగా, ఎండిపోయినట్టు ఉంటుంది. తక్కువైతే అంతా ఒకేసారి అంటుకుని బుసకొడుతుంది. దుకాణంవాడు రేకుని చదును చేసి, పైగా వెనక్కి వాలేలా అరగదీశాడు. తీగ ముందంచుని మాత్రమే తాకింది. అంటే వాడు చేసింది గిటారు గుర్రం. అమ్మ చెవి ఒక్క మీటులో పట్టింది, నేను పట్టడానికి నాలుగు రోజులు పట్టింది.

ఇప్పుడు రెండో లెక్కల అధికారి. సి.వి. రామన్ తండ్రి చంద్రశేఖర అయ్యర్ విశాఖలో ఏవీఎన్ కాలేజీలో అధ్యాపకుడు, ఇంట్లో వయొలిన్ వాయించేవాడు. రామన్ నాలుగేళ్ళవాడిగా విశాఖ వచ్చి, పదకొండేళ్ళకే మెట్రిక్, పదమూడేళ్ళకి ఎఫ్.ఏ. పూర్తి చేసి, మద్రాసు వెళ్ళిపోయాడు. నేనూ ఆ కాలేజీ మెట్లెక్కినదాన్నే. ఆకాశం నీలం, సముద్రం నీలం, 1930 నోబెల్ బహుమతి గురించి మాకు ఎన్నిసార్లో చెప్పారు. తంబురా గురించి ఒక్కరూ చెప్పలేదు.

1907లో రామన్ కలకత్తాలో ప్రభుత్వ ఆర్థికశాఖలో చేరాడు. పగలు లెక్కల ఆఫీసు, మిగిలిన వేళల్లో బౌబజార్ వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ ప్రయోగశాల. 1917లో ఉద్యోగం వదిలి ఆచార్యుడయ్యాడు. కాంతి దగ్గరకి వెళ్ళకముందు ఆయనని పట్టుకుని వదలనివి తీగలూ మృదంగాలూ. 1921లో మన తంత్రీవాద్యాల మీద నాలుగైదు పేజీల చిన్న వ్యాసం వేశాడు. అందులో మాట ఇంతే: థామస్ యంగ్ కాలం నుంచి అందరూ నమ్మే నియమం ఒకటుంది. తీగని ఏ బిందువు దగ్గర మీటితే, ఆ బిందువు దగ్గర అస్పందనం ఉండే అనుస్వరాలు ఆ మోతలో వినపడకూడదు. వీణా తంబురాల్లో అవి వినపడుతున్నాయి, అదీ గట్టిగా. కారణం గుర్రం.

ఆ వ్యాసం చదివాక నేను ఇంట్లోనే చేసి చూశాను, మీరూ చెయ్యొచ్చు. ముందు మనవడి గిటారు. తీగని సరిగ్గా నడిమధ్య మీటి, వెంటనే అదే చోట వేలితో మెల్లగా తాకాను. మూగబోయింది. మీటింది ఆ బిందువు దగ్గరే, ఆపింది అక్కడే, ఇంక మిగలడానికి ఏమీ ఉండకూడదు. నియమం నిజమే. తరవాత అమ్మ తంబురా. నడిమధ్య మీటాను, నడిమధ్య తాకాను. పై షడ్జం తేటగా మోగుతూనే ఉంది. పుట్టకూడని స్వరం. అమ్మ వంటింట్లోంచి, "అదేంటే తంబురాని అలా పొడుస్తున్నావు?" అని కేకేసింది.

తరవాత తంబురా గుర్రం మీద తీగ కిందున్న నూలుపోగు లాగేశాను. మళ్ళీ మీటి తాకితే, పై షడ్జం లేదు. ఆ నూలుపోగుని అమ్మ ఏమంటుందో తెలుసా? జీవ. దేవగిరి వెదురు చీలిక ఇప్పుడు దారమైంది, పేరు మాత్రం ఏడు వందల ఏళ్ళ పైగా అదే చోట ఉంది. తంబురా గుర్రం వీపు వెడల్పు, వంపు చాలా తక్కువ. పోగుని గోటితో ముందుకీ వెనక్కీ జరుపుతూ ఉంటే ఒక చోట తీగ హఠాత్తుగా విచ్చుకుంటుంది. పాడేవాళ్ళు కచేరీకి ముందు ఆ చోటు కోసమే అంతసేపు వెతుక్కుంటారు, మనమేమో శ్రుతి కలవలేదనుకుంటాం. వీణకి ఆ పోగు అక్కర్లేదు, ఆ పని రేకు వంపే చేస్తుంది. 1982లో అమెరికాలో బరిడ్జ్ అనే గణితజ్ఞుడూ ఆయన సహచరులూ సితారు తీగ వంపు మీద చుట్టుకుని విడివడే తీరుకి సమీకరణాలు కట్టారు. ఆ పేజీలు చూస్తే నాకే తల తిరిగింది.

సితారువాళ్ళు ఈ వీపు పనిని జవారీ అంటారు. రవిశంకర్ జవారీ తెరిచినది, ఝుమ్మనే తీరు. విలాయత్ ఖాన్‌ది మూసినది, గాత్రంలా పలికేది. ఇద్దరి సితారుకీ తేడా గుర్రం మీద కాగితం మందమంత చోట మొదలవుతుంది, ఆపైనే చేతులు. సరోద్‌కి ఈ గొడవ లేదు, దాని గుర్రం అంచు పలచన, మోత సూటిగా వస్తుంది. హిందుస్తానీ గాయకుల తంబురాలు చాలామటుకు పుట్టే మహారాష్ట్ర మిరజ్‌లో జవారీ తీయడమే ఒక ప్రత్యేక విద్య. అక్కడ ఒకప్పుడు కత్తులకి సాన పట్టినవాళ్ళే తరవాత సితార్లలోకి దిగారు. ఆకురాయి అప్పటికే చేతిలో ఉన్నవాళ్ళు మరి. ఏనుగు దంతం, దుప్పికొమ్ము వాడే రోజులు 1972 వన్యప్రాణి చట్టం తరవాత క్రమంగా పోయాయి. ఒంటె ఎముక, నల్లచేవ కర్ర, ప్లాస్టిక్ వచ్చాయి. ఒక్కొక్కదానిదీ ఒక్కొక్క గొంతు, దాని మీద వాళ్ళ తగవులు తెగవు. వీణ మొదటి నుంచీ లోహాన్నే నమ్ముకుంది కాబట్టి ఆ బెడద తప్పింది.

దానికి బదులు వేరే బెడద ఉంది. వీణలో గమకానికి తీగని పక్కకి లాగుతాం. ఉక్కు తీగ, ఏళ్ళ తరబడి, ఒకే చోట. రేకు మీద గాడి పడుతుంది. గాడిలో పడ్డ తీగ ఇక ఒరగదు, గోడల్ని తాకుతుంది. అమ్మ దగ్గు అన్నది దాన్నే. ఈమని శంకరశాస్త్రిగారిని రేడియోలో వింటూ, చిట్టిబాబుగారి 'కొమ్మలో కోయిల' వాయించాలని పట్టుబట్టి, అరవై ఏళ్ళు లాగింది మరి.

గొల్లపల్లి పెద్దాయన రేకుని సెగ చూపించాడు. కింద అతికిన లక్కలాంటి బంక మెత్తబడగానే ఊడింది. కొత్త కంచు రేకు కోసి, అతికి, ఆరనిచ్చి, ఆకురాయి తీశాడు. నాలుగు గీతలు గీకడం, తీగలు ఎక్కించడం, మీటడం, దించడం. మళ్ళీ గీకడం. ఒకే వంపు నాలుగు తీగలకీ సరిపోదు. సన్నటి సారణి కొద్దిగా ఊగుతుంది, లావాటి అనుమంద్రం ఎక్కువ ఊగుతుంది, దాని కింద వీపు ఇంకోలా ఉండాలి. చూడ్డానికి ఒకటే రేకు, అందులో నాలుగు గుర్రాలున్నాయి. మధ్యలో నేను ఆగలేక, "వంపు ఎంతుండాలి తాతా, కొలతేమైనా ఉందా?" అని అడిగాను.

"కొలతెందుకమ్మా, ఇనపడతాది కదా."

సాయంత్రానికి ఫోను కలిపి కుండ దగ్గర పెట్టాను. ఆయన నాలుగు తీగలూ మీటాడు. అవతల కాసేపు ఏ మాటా లేదు. తరవాత అమ్మ గొంతు: "పంచమం ఇంకా నిద్రపోతోంది. మిగతావి లేచాయి."

ఆయన తల ఊపి, పంచమం తీగ పక్కకి జరిపి, ఆకురాయి కాదు, గరుకు కాగితం చుట్టిన పుల్లతో మూడుసార్లు రాశాడు. నేను లెక్కపెట్టాను కాబట్టి మూడని తెలుసు.

ఇంటికొచ్చాక నా బుద్ధి ఊరుకోలేదు. రిటైరైన రోజు పిల్లలు సరదాకి ఇచ్చిన స్పెరోమీటరు బీరువాలోంచి తీశాను, వంపు వ్యాసార్థం ఎంతో చూద్దామని. దానికి మూడు కాళ్ళు, రేకు వెడల్పు చాలలేదు. ఎలా పెట్టినా ఒక కాలు గాల్లోనే ఉంది. వీణ ఒళ్ళోకి తీసుకోబోతున్న అమ్మ అది చూసింది.

"ఆ ముక్కాలిపీట అవతల పెట్టు. రేకు మీద గీత పడిందంటే మళ్ళీ బొబ్బిలి రైలెక్కాల్సింది నువ్వే."